జోలె పట్టిన వీధుల నుంచి ఐక్యరాజ్యసమితి దాకా..

మా నాన్న పోయింది 2021 మే నెలలో. నేను న్యూజెర్సీలో ఉన్నాను. ఆ రోజుల్లో వీసా స్టాంపింగుల సంగతి, విమానాల సంగతి ఈ పేజీ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. వెళ్తే మళ్లీ ఎప్పుడు రానిస్తారో తెలియదు. వెళ్లేలోపే అక్కడ అన్నీ అయిపోతాయి. మా బాబాయి కొడుకు ఫోను పట్టుకుని వీడియో కాల్‌లో చూపించాడు. నెట్ సరిగా లేక బొమ్మ ఆగి ఆగి వచ్చింది. బొమ్మ ఆగినా శబ్దం మాత్రం ఆగలేదు. అరుగు మీద పెట్టిన స్పీకర్లోంచి ఘంటసాల భగవద్గీత వినిపిస్తూనే ఉంది.

ఆ తర్వాత ఏడాదికి పైగా నేను ఘంటసాల గొంతు వినలేకపోయాను. గీతే కాదు, సినిమా పాటైనా సరే. కార్లో పాత పాటలు పెట్టుకుంటే, ఆయన గొంతు వచ్చిందంటే వేలు తనంతట తానే తర్వాతి పాటకు దాటించేసేది. మన ఊళ్లలో ఎవరింటి ముందైనా ఆ గీత వినపడితే ఎవరు పోయారని అడుగుతాం. ఎవరు పాడారని అడగం. అంత గొప్ప గాయకుడికి మనం అప్పజెప్పిన పని అది.

2022 డిసెంబర్‌లో ఆయన శతజయంతి వచ్చింది. ఇక్కడ మా ఊళ్లో తెలుగువాళ్లంతా కలిసి ఒక సాయంత్రం కార్యక్రమం పెట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ వాడివి కదా, ఆయన జీవితం మీద నాలుగు స్లైడ్లు నువ్వే చెయ్యాలని నాకు అంటగట్టారు. కాదనలేక మొదలుపెట్టాను. చదువుతూ పోతే అది నాలుగు స్లైడ్లలో ఇమిడే బతుకు కాదు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. తండ్రి సూర్యనారాయణ నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. కొడుకును భుజాన ఎక్కించుకుని భజనలకు తీసుకెళ్లేవారు. ఆ పాటకు పిల్లవాడు అడుగులు వేస్తుంటే చూసినవాళ్లు ముచ్చటపడి బాలభరతుడని పిలిచారు. ఈ ముచ్చట ఎక్కువ కాలం సాగలేదు. వెంకటేశ్వరరావుకు పదకొండేళ్ల వయసులో తండ్రి పోయాడు. పోతూ పోతూ కొడుకును సంగీతం నేర్చుకోమని అడిగాడు. తల్లినీ పిల్లల్నీ మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య తన ఇంటికి తెచ్చుకున్నారు.

తండ్రికిచ్చిన మాట కోసం ఆ కుర్రాడు సంగీతం వచ్చినవాళ్ల ఇళ్లలో చేరాడు. ఒక ఇంట్లో బట్టలు ఉతికాడు. ఇంకో ఇంట్లో వంట చేశాడు. సంగీతం మాత్రం పెద్దగా ఒంటబట్టలేదు. ఇలా లాభం లేదనుకుని, ఇంట్లో చెప్పకుండా, వేలికున్న నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్మేసి విజయనగరం బండెక్కాడు. అక్కడ మహారాజావారి సంగీత కళాశాల ఉంది. ఆ కాలంలో తెలుగునాట సంగీతం నేర్చుకోవాలంటే అంతకన్నా పెద్ద చోటు లేదు. ఆదిభట్ల నారాయణదాసు తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజులవి.

తీరా వెళితే వేసవి సెలవులు. కాలేజీ మూసి ఉంది. వాకబు చేసి చేరకుండా సూట్‌కేసులతో దిగిన మనలాంటివాళ్లం చాలామందే ఉన్నాం కాబట్టి ఆ గుమ్మం ముందు నిలబడిన కుర్రాడి మొహం ఊహించుకోవచ్చు. ద్వారం వారు జాలిపడి కాలేజీ ఆవరణలోనే ఉండనిచ్చారు. కొన్నాళ్లకు తోటి కుర్రాళ్లు చేసిన తప్పు ఇతని మీద పడింది. బస పోయింది. ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు. అప్పుడు ఆదుకున్నది పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చిన్న గురువుగారంటే ఆ ప్రాంతంలో తెలియనివారు లేరు. ఆయన కుర్రాడిని తన దగ్గర పెట్టుకుని రూపాయి తీసుకోకుండా పాఠం చెప్పారు. గురువుగారూ ఉన్నవారు కాదు. పాఠం ఉచితంగా చెప్పగలిగారు, రోజూ అన్నం పెట్టడం ఆయన తాహతుకు మించిన పని.

అందుకని వెంకటేశ్వరరావు మధుకరానికి బయల్దేరాడు. అంటే భుజాన జోలె కట్టుకుని వీధి వీధీ తిరిగి, ఇంటింటి ముందూ నిలబడి, పెట్టిన ముద్ద జోలెలో వేయించుకోవడం. పేద విద్యార్థులకు ఆ రోజుల్లో అది తప్పు కాదు, ఒక ఏర్పాటు. అయినా పద్నాలుగూ పదిహేనేళ్ల పిల్లవాడికి మొదటి ఇంటి ముందు గొంతు పెగలడం ఎంత కష్టమో! పొద్దున తెచ్చిన అన్నంలో కొంత రాత్రికని గుడ్డలో మూటగట్టి పెడితే చీమలు పట్టేవట. మేనమామకు ఉత్తరం రాస్తే ఆయన కొంత డబ్బు పంపారు. ఆ డబ్బుతో ఒక డబ్బా కొనుక్కుని అందులో అన్నం దాచుకోవడం మొదలుపెట్టాడు.

నేను స్లైడ్లు ఆపేసింది ఈ డబ్బా దగ్గరే. రాత్రి పదకొండయింది. మా అబ్బాయి వదిలేసిన పిజ్జా ముక్కలు వంటింటి గట్టు మీదున్నాయి. మాస్టర్స్ చదివే రోజుల్లో శని, ఆదివారాలు గుడికి వెళ్లింది దేవుడి కోసమా, ప్రసాదం కోసమా అన్నది మా రూమ్‌మేట్లలో ఎవరం ఒకరినొకరం అడగలేదు. పులిహోర రెండోసారి వడ్డించే పెద్దావిడ మా మొహాలు చూసి గరిటె కొంచెం నిండుగా ముంచేది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు.

విజయనగరంలోనూ అలాంటి తల్లి ఒకామె ఉంది. కళావర్ రింగ్ అని పేరుపడిన కళాకారిణి, సరిదె లక్ష్మీనరసమ్మ. ఆమె ఈ కుర్రాడిని పిలిచి అన్నం పెట్టేదని చెబుతారు. కళావంతుల ఇంటి అన్నం గురించి ఆ కాలపు ఊరు ఏమనుకుని ఉంటుందో వేరే చెప్పాలా? ఆకలేసినవాడికి అన్నం పెట్టిన ఆ చేతికి మన సంగీత చరిత్రలో ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదని నాకనిపిస్తుంది.

చదువు ముగించి పట్టా పుచ్చుకుని ఊరికి తిరిగొచ్చాడు. పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో పాడుతూ, పిల్లలకు పాఠాలు చెబుతూ ఉండగా 1942 వచ్చింది. క్విట్ ఇండియా ఉద్యమంలో దూకి బళ్లారి అలీపురం జైలుకు వెళ్లాడు. ఏడాదిన్నర దాకా అక్కడే. బయటికొచ్చాక 1944 మార్చి 4న మేనకోడలు సావిత్రితో పెదపులివర్రులో పెళ్లి. ఆ సాయంత్రం తన పెళ్లి కచేరీ తానే చేసుకున్నాడు! పెదపులివర్రు మా రేపల్లె వైపే. ఆ పెళ్లి కచేరీ గురించి మా వైపు పెద్దవాళ్లు తాము పందిట్లో కూర్చుని విన్నట్టే చెబుతారు. లెక్కేస్తే వాళ్లలో సగం మంది అప్పటికి పుట్టనే లేదు.

అదే ఊరివారు సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య. ఈ కుర్రాడి పాట విని మద్రాసు రమ్మన్నారు. చిత్తూరు నాగయ్య దగ్గరికీ, బి.ఎన్. రెడ్డి దగ్గరికీ తీసుకెళ్లారు. పాట బాగుందన్నారు, అవకాశం ఉన్నప్పుడు చూద్దామన్నారు. సముద్రాల వారిది చిన్న ఇల్లు. వాళ్లకు భారం కాకూడదని ఘంటసాల పానగల్ పార్కు వాచ్‌మన్‌కు నెలకు మూడు రూపాయలిచ్చి సామాను అక్కడ పెట్టుకున్నారు. పగలంతా స్టూడియోల చుట్టూ తిరగడం, రాత్రి పార్కులో పడుకోవడం. గ్రామఫోను రికార్డుల వాళ్లు ఈ గొంతు రికార్డుకు పనికిరాదని తిప్పి పంపారు. రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు పాడించారు. సినిమాల్లో బృందగానాలు, గుంపులో చిన్న చిన్న వేషాలు వేశారు. 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’లో భానుమతి పక్కన పాడే అవకాశం దొరికింది. భయపడుతూ మైకు ముందు నిలబడితే ఆమే, నాగయ్య గారే ధైర్యం చెప్పారట. ఆ పాటకు ముట్టింది 116 రూపాయలు.

అక్కడి నుంచి ఎదుగుదల వేగంగా సాగింది. ‘బాలరాజు’, ఎన్టీఆర్ మొదటిసారి తెరమీద కనిపించిన ‘మనదేశం’, తర్వాత విజయా వారి ‘షావుకారు’, ‘పాతాళభైరవి’, ‘పెళ్లి చేసి చూడు’. గాయకుడే సంగీత దర్శకుడు కూడా. 1953లో ‘దేవదాసు’. 1957లో ‘మాయాబజార్’. దానికి సాలూరి రాజేశ్వరరావు గారు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే, వాటిని అలాగే ఉంచి, మిగతా సినిమాకంతా ఘంటసాల సంగీతం చేశారు. ఎవరు ఏది కట్టారో చెప్పకపోతే వినేవాడికి అతుకు కనిపించదు. వేరేవాళ్లు సగంలో వదిలేసిన కోడ్ పూర్తి చేసినవాళ్లకు ఆ కష్టం తెలుస్తుంది. నేనైతే మొదటి వారంలోనే పాతదంతా తీసేసి మళ్లీ రాస్తానని మేనేజర్‌తో గొడవ పెట్టుకుంటాను.

ఎన్టీఆర్‌కీ ఆయనే పాడారు, ఏఎన్నార్‌కీ ఆయనే. కళ్లు మూసుకుని విన్నా అది ఎవరి పాటో తెలిసిపోతుంది. మిమిక్రీ చేసింది లేదు, గొంతు మార్చింది లేదు. ఒకరికి మాట కొంచెం బరువుగా, ఒకరికి కొంచెం మెత్తగా, అంతే. పద్యం సంగతి ఇంకా చెప్పుకోవాలి. అంతకు ముందు నాటక పద్యమంటే రాగం గంట కొట్టేదాకా సాగేది. అందులో మాట ఎక్కడో కొట్టుకుపోయేది. ఘంటసాల రాగాన్ని కుదించి మాటను ముందుకు తెచ్చారు. ఎక్కడ విరిస్తే అర్థం తెలుస్తుందో అక్కడ విరిచారు. తెలుగు చదవడం రాని మా అమ్మాయి కూడా ఆయన పద్యం వింటే ఇది కోపం, ఇది ఏడుపు అని చెప్పగలదు. పైగా ఆ రోజుల్లో వాద్యగాళ్లంతా గాయకుడితో కలిసి ఒకేసారి వాయించాలి. చివర్లో ఒక్కరు తప్పినా మొత్తం మళ్లీ మొదటి నుంచి. వెనక్కి వెళ్లి ఒక్క ముక్క సరిచేసుకునే సౌకర్యం లేదు.

పైకి వచ్చాక కొన్ని దెబ్బలూ తగిలాయి. సొంతంగా మూడు సినిమాలు తీశారు. ‘పరోపకారం’ 1953లో, ‘సొంతవూరు’ 1956లో, ‘భక్త రఘునాథ్’ 1960లో. మూడూ నష్టాలే మిగిల్చాయి. పాడి సంపాదించింది తీసి పోగొట్టుకున్నారు. మళ్లీ పాడారు. 1963లో ‘లవకుశ’ వచ్చింది. ఏళ్ల తరబడి తీసిన ఆ సినిమా పాటలూ పద్యాలూ ఊళ్లలో రామనవమి పందిళ్లకు శాశ్వతంగా స్థిరపడిపోయాయి. సినిమాలకు బయట ప్రైవేటు రికార్డులు ఇచ్చారు. కరుణశ్రీ గారి ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’ పద్యాలు ఊరూరా మైకుల్లో మోగాయి. ఏడుకొండలవాడి మీద ఆయన పాడిన ప్రైవేటు పాట వేస్తే టూరింగు టాకీసులో ఆట మొదలవబోతోందని లెక్క. మా నాన్న తరం వాళ్లు ఆ పాట వినగానే అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తేవాళ్లట.

ఇల్లు కట్టుకున్నది ఉస్మాన్ రోడ్డులో. మ్యాపులో చూశాను. పానగల్ పార్కు ఆ రోడ్డు మీదే ఉంది. వాచ్‌మన్‌కు మూడు రూపాయలిచ్చి పెట్టె పెట్టుకున్న చోటు నుంచి సొంత ఇంటికి నడిచి వెళ్లే దూరమే. ఆ కాస్త దూరం నడవడానికి ఆయనకు ఎన్నేళ్లు పట్టిందో! ఇంకో సంగతి. అన్నీ సమకూరిన రోజుల్లో ఆయనకు సహాయకుడిగా, హార్మోనియం ముందు కూర్చుని ఏళ్ల తరబడి పనిచేసింది పట్రాయని సంగీతరావు గారు. విజయనగరంలో రూపాయి తీసుకోకుండా పాఠం చెప్పిన గురువుగారి కొడుకు.

1970లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే ఫిబ్రవరి 1న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో రజతోత్సవం చేశారు. ఆరోగ్యం మాత్రం 1969 నుంచే తరచూ దెబ్బతింటోంది. చక్కెర వ్యాధి. ఆ ఒంటితోనే 1971లో విమానమెక్కి ఇంగ్లండ్, జర్మనీ మీదుగా కచేరీలు చేస్తూ మన అమెరికాకు వచ్చారు.

ఆనాటి అమెరికాను ఒక్కసారి తలుచుకోండి. 1965 చట్టం రాక ముందు భారతదేశం మొత్తానికీ కలిపి ఏడాదికి వంద మందికే ఇక్కడ స్థిరపడే వీలు. ఆ చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి మూడు నాలుగేళ్లే. వచ్చినవాళ్లు డాక్టర్లు, ఇంజనీర్లు, చదువుకునే కుర్రాళ్లు. ఒక్కో ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. తానా మొదటి మహాసభలు న్యూయార్క్‌లో జరగడానికి ఇంకా ఆరేళ్లుంది. ఫోను చేయాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి. కరివేపాకు దొరకని దేశం. టేపు మీద నాలుగు తెలుగు పాటలు తెచ్చుకుంటే అవే అరిగేదాకా వినాలి. అలాంటివాళ్ల ముందుకు ఆ టేపులోని మనిషే వచ్చి కూర్చుని హార్మోనియం మీద వేళ్లు పెడితే ఎలా ఉండి ఉంటుంది! ఇప్పుడు మనం ఏటా నాలుగు మ్యూజికల్ నైట్లకు టికెట్లు కొని, పార్కింగు దొరకలేదని విసుక్కుంటాం. ఆ హాల్లో కూర్చున్నవాళ్ల చెవులు మనకు రావు.

ఆ పర్యటనలోనే ఐక్యరాజ్యసమితిలోనూ పాడారు. మా ఆఫీసు నుంచి రైలెక్కితే గంటలో ఆ భవనం ముందుంటాను. శతజయంతి ముందు వారం ఒక మధ్యాహ్నం వెళ్లాను కూడా. దేశదేశాల జెండాలు, టూరిస్టులు, గాలి. నది మీంచి వచ్చే ఆ చలిగాలికి కోటు బొత్తాలు పెట్టుకుంటుంటే, విజయనగరం వీధుల్లో జోలె పట్టిన మనిషి ఈ మెట్లెక్కాడా అనిపించింది.

తిరిగి వెళ్లాక 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో పాడుతుండగానే గుండెనొప్పి వచ్చింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టర్లు పంపించగానే మళ్లీ మైకు ముందుకే వచ్చారు. 1973లో ‘భక్త తుకారాం’, ‘జీవన తరంగాలు’, ‘దేవుడు చేసిన మనుషులు’ సినిమాలకు పాడారు. కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’కూ పాడారు. అది విడుదలయ్యేనాటికి ఆయన లేరు. ఈ రోజుల్లోనే భగవద్గీత కూడా రికార్డు చేశారు. శ్లోకం పాడడం, దాని తాత్పర్యం తెలుగులో చెప్పడం. గుండె దెబ్బతిన్న మనిషి, ఊపిరి పొదుపు చేసుకోవలసిన మనిషి పాడిన గీత అది. ఈ సంగతి తెలిశాక విన్నప్పుడు శ్లోకానికీ శ్లోకానికీ మధ్య ఆయన తీసుకునే విరామం నాకు వేరేగా వినిపించింది.

1974 ఫిబ్రవరి 11న మద్రాసు ఆసుపత్రిలో కన్నుమూశారు. యాభై ఒక్క ఏళ్లు. నాకిప్పుడు నలభై ఏడు. గీత రికార్డు బయటికి వచ్చింది ఆ తర్వాతే. అది ఇంటింటికీ చేరడం ఆయన చూడలేదు. మన వాకిళ్లలో దాన్ని ఏ సమయానికి వేస్తామో ఆయనకు తెలియదు.

శతజయంతి సాయంత్రం బాగానే జరిగింది. మా స్పీకర్లు రెండుసార్లు కీచుమన్నాయి. నా స్లైడ్లలో పుట్టిన తేదీ, పద్మశ్రీ, ఐక్యరాజ్యసమితి వచ్చాయి. చీమలు పట్టిన అన్నం గురించి చెప్పడానికి నాకిచ్చిన ఏడు నిమిషాలు చాలలేదు. ఇంటికొస్తుంటే కార్లో ‘పుష్పవిలాపం’ వచ్చింది. స్టీరింగు మీద వేలు లేచింది కానీ నొక్కలేదు.

పూలు తమను కోయొద్దని మొరపెట్టుకునే పద్యాలవి. మా నాన్న రోజూ పొద్దున్నే పూజకు నందివర్ధనాలు కోస్తూ ఆ పద్యాలే కూనిరాగం తీసేవాడు. కోసేది నువ్వే, ఏడ్చేదీ నువ్వేనా అని అమ్మ వంటింట్లోంచి కేకలేసేది. నాన్న ఆ కొమ్మ వదిలి పక్క కొమ్మకు పోయేవాడు, పద్యం మాత్రం ఆపేవాడు కాదు.